పాలు తగులని తీపి
యూదుల పండుగ భోజనములలో మిఠాయి

మన తెలుగునాట భోజనము పెరుగుతో ముగియును. మాంసాహారుల యింట సైతము కోడికూర తరువాత పెరుగన్నము కలుపుకొనుట నిత్యకృత్యము. పండుగనాడు పాయసమో, నేతి బొబ్బట్టో విస్తరిలో పడనిదే విందు విందనిపించుకొనదు. ఈ అలవాటు గల మనము ఆచారనిష్ఠ గల యూదుల యింట విందునకు కూర్చున్నచో మొట్టమొదట వింతగా తోచునది కడపటి వడ్డనయే. మాంసపు వంటకములు ముగిసినవెనుక పెరుగు రాదు. పాలు కలిపిన కాఫీ రాదు. వెన్నతో చేసిన కేకు గాని, మీగడతో చేసిన ఐస్‌క్రీము గాని రాదు. అయినను తీపి మాత్రము తప్పక వచ్చును. ఆ తీపిలో పాలబొట్టు తగిలియుండదు. నేయి లేక, పాలు లేక, వెన్న లేక మిఠాయిని రుచిగా చేయుట యెట్లు? ఈ ప్రశ్నకు నానా దేశములలోని యూదు గృహిణులు తరతరములుగా తమ వంటయిండ్లలో చెప్పుచు వచ్చిన సమాధానములే నేటి మా విషయము.

ముందుగా నియమమును తెలిసికొందము. మేకపిల్లను దాని తల్లిపాలతో ఉడికింపరాదను నిషేధము తోరా గ్రంథమున మూడుచోట్ల కలదు. నిర్గమకాండమున రెండు తావులు, ద్వితీయోపదేశకాండమున ఒకటి. ఒకే మాటను మూడుమార్లు ఏల చెప్పవలెను? వండరాదనుటకు ఒకటి, తినరాదనుటకు ఒకటి, అట్టి వంటవలన ఏ లాభమును పొందరాదనుటకు ఒకటి అని ప్రాచీన పండితులు వ్యాఖ్యానించిరి. మేకపిల్లతో ఆరంభమైన నిషేధము సమస్త మాంసమునకును, తరువాత కోడి మున్నగు పక్షుల మాంసమునకును వ్యాపించెను. కాలక్రమమున పాలకు, మాంసమునకు వేర్వేరు పాత్రలు, వేర్వేరు గరిటెలు, వేర్వేరు పళ్ళెములు ఏర్పడినవి. ఇది మన పెద్దల మడి వంటిదే యని కొందరు అనుకొందురు గాని, పోలిక కొంతదూరమే నడచును. మడియందు వంట చేయు మనిషి శుచి ముఖ్యము. ఇక్కడ ఏ వస్తువు ఏ వస్తువుతో కలిసినదను లెక్క ముఖ్యము.

మాంసము తినిన వెనుక పాలపదార్థమును ముట్టుటకు ఎంత కాలము ఆగవలెనను విషయమున అందరిదియు ఒకే మాట కాదు. అధికసంఖ్యాకులు 6 గంటలు ఆగుదురు. జర్మనీ యూదులలో 3 గంటలు ఆగు సంప్రదాయము కలదు. హాలండు యూదులు 1 గంటతో సరిపుచ్చుకొందురు. పాలు త్రాగిన తరువాత మాంసమునకు వచ్చుట మాత్రము సాధారణముగా సులభము. నోరు పుక్కిలించి, రొట్టెముక్క నమలి, కొద్దిసేపు ఆగిన చాలును. దీనినిబట్టి చిక్కంతయు ఎక్కడ నున్నదో తేటపడును. సబ్బాతు భోజనమునను, పెద్ద పండుగల విందులలోను మాంసముండుట ఆచారము. తీపి చివర రావలెను. కనుక ఆ తీపి పాలది కారాదు.

పాలకును మాంసమునకును చెందని వస్తువులను యూదులు 'పార్వె' అందురు. ధాన్యములు, పండ్లు, కూరలు, నూనెలు, పంచదార, కొబ్బరి, బాదము, కోడిగ్రుడ్డు ఇవన్నియు పార్వెలే. కోడి మాంసమైనను కోడిగ్రుడ్డు మాంసము కాదనుట గృహిణులపాలిటి గొప్ప వరము. అయితే గ్రుడ్డులో రక్తపు చుక్క కనబడినచో పారవేయవలెను. అందుచే అలవాటుగల యిల్లాలు గ్రుడ్లను నేరుగా పిండిలో కొట్టక, ఒక్కొక్కదానిని గాజుగిన్నెలో విడిగా కొట్టి చూచి కలుపును. ఒక్క చెడుగ్రుడ్డుతో పది గ్రుడ్ల పిండి పాడు కాకుండుటకు ఇది ఆచారము తెలియని వంటవారికి సైతము పనికివచ్చు పద్ధతి.

తేనె సంగతి మరింత వినోదకరము. అపవిత్ర జంతువునుండి వచ్చునది అపవిత్రమే యని యూదుల సాధారణ సూత్రము. అందుకే ఒంటెపాలు నిషిద్ధములు. తేనెటీగ తినదగిన ప్రాణి కాదు. మరి తేనె యెట్లు చెల్లును? ఈగ తేనెను తన దేహమునుండి పుట్టించుట లేదు, పూలనుండి తెచ్చి నిలువచేయుచున్నది మాత్రమే యని తాల్మూదు పండితులు తీర్పు చెప్పిరి. ఈ తీర్పు లేకున్నచో యూదుల నూతన సంవత్సరము తీపి లేనిదై యుండెడిది. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వచ్చు 'రోష్ హషానా' నాడు ఆపిలు ముక్కను తేనెలో ముంచి తిని, రానున్న యేడు మధురముగా ఉండవలెనని ప్రార్థింతురు. తూర్పు యూరపు యూదులు ఆనాడు 'లేకఖ్' అను తేనెకేకు చేయుదురు. అందు వెన్నకు బదులు నూనె, పాలకు బదులు చిక్కని టీ లేక కాఫీ కషాయము పోయుదురు. దాల్చినచెక్క, లవంగము, అల్లము వేయుదురు. తేనెకు గాలిలోని తేమను పట్టియుంచు గుణము కలదు కనుక ఈ కేకు వెన్న లేకున్నను ఎండిపోదు. చేసిననాటికంటె రెండవనాడు, మూడవనాడు మెత్తబడి రుచి హెచ్చును. ఆ పండుగ దినములలో కొందరు బాదము, అక్రోటు వంటి పప్పులను మానుదురు. హెబ్రీ భాషలో అక్షరములకు సంఖ్యలు గలవు. అక్రోటునకు గల పేరులోని అక్షరముల మొత్తము 'పాపము' అను పదము మొత్తముతో సరిపోవునట! సంఖ్యాశాస్త్రమందు మక్కువగల మన పెద్దలకు ఈ లెక్క నచ్చకపోదు.

ఇదే నూతన సంవత్సరమునకు మన దేశమున కొంకణ తీరపు యూదులు చేయునది తేనెకేకు కాదు, హల్వా. వీరిని 'బెనె ఇస్రాయేలు' అందురు. తమ పూర్వులు ఓడ పగిలి, నవ్‌గావ్ అను గ్రామమువద్ద ఒడ్డునకు చేరిరని వారి ఐతిహ్యము. మహారాష్ట్ర గ్రామములలో గానుగ ఆడించి నూనె తీయుట వీరి వృత్తి. శనివారమునాడు గానుగ కట్టరు. అందుచే ఇరుగుపొరుగువారు వీరిని 'శనివారపు తేలీలు' అని పిలిచిరి. తక్కిన యూదులతో శతాబ్దములు సంబంధము లేకున్నను, విశ్రాంతి దినమును, సున్నతిని, ఆహార నియమములలో కొన్నింటిని విడువక కాపాడుకొనిరి. బొంబాయిలో వీరి మొదటి ప్రార్థనాలయము 1796 లో వెలసినది.

వీరి హల్వా వంట మన గృహిణులు చదివిన వెంటనే చేయగలరు. మంచి గోధుమలను రెండుమూడు దినములు, నీరు మార్చుచు, నానబెట్టవలెను. మెత్తగా రుబ్బి పలుచని గుడ్డలో పిండి పాలు తీయవలెను. రాత్రియంతయు కదపక ఉంచిన అడుగున చిక్కని తెల్లని గంజి పేరుకొనును, పైనీరు వంచివేయవలెను. ఈ గోధుమపాలు పేరునకే పాలు, ధర్మమున పార్వె. పిమ్మట కొబ్బరి తురిమి తీసిన చిక్కని పాలలో పంచదార, చిటికెడు ఉప్పు వేసి, గోధుమపాలు కలిపి, సన్నని సెగపై విడువక కలియబెట్టవలెను. అడుగంటినచో అంతయు పోవును. గంటకు పైగా కలిపినమీదట ముద్ద దగ్గరపడి, కొబ్బరినూనె వదలి, గిన్నె అంచులనుండి విడివడును. అప్పుడు ఏలకులపొడి వేసి, పళ్ళెమున పోసి, బాదము, పిస్తా పలుకులు చల్లి, చల్లారినవెనుక ముక్కలుగా కోయుదురు. గోధుమలు రుబ్బు ఓపిక లేనివారు నేడు మొక్కజొన్న పిండితోను, సముద్రపు నాచునుండి తీయు చైనా గ్రాసుతోను చేయుచున్నారు. అదియు తినదగినదే గాని, పాతదాని సాగుదల దానికి లేదని మా అభిప్రాయము.

మన గోధుమ హల్వాలో నేయి చేయుపని యిందు కొబ్బరిపాలలోని కొవ్వు చేయుచున్నది. పశువుల పాలు ముట్టక పాలరుచి నిచ్చు వస్తువు తమ పెరటిచెట్టుననే వ్రేలాడుచుండగా, కొంకణమునను, కొచ్చిలోను యూదులకు ఈ నియమము పెద్ద భారమనిపించియుండదు. పోలండు గృహిణికి కొబ్బరికాయ లేదు. ఆమె బాత్తు కొవ్వును కరగించి దాచుకొనవలసి వచ్చెను. దేశమును బట్టి నియమము బరువు మారుట యిందు స్పష్టము.

బెనె ఇస్రాయేలుల మరియొక తీపి 'మలీదా'. అటుకులను తడిపి, కొబ్బరి తురుము, పంచదార, ఏలకులు, ఎండుద్రాక్ష, బాదము కలిపి, చుట్టును పండ్లు పేర్చి, ఏలీయా ప్రవక్తకు స్తోత్రము చేసి పంచిపెట్టుదురు. పెండ్లికి, గృహప్రవేశమునకు, మ్రొక్కుబడి తీరినప్పుడు ఇది తప్పదు. పొయ్యి వెలిగింపనక్కరలేదు; పాలు లేవు; ఇక చిక్కేమి? 1948 లో ఇస్రాయేలు రాజ్యమేర్పడిన తరువాత వీరిలో అధికభాగము అక్కడకు తరలిపోయిరి. అచ్చట 1960 తరువాత కొందరు మతాధికారులు వీరి యూదుత్వమునే శంకించి, వివాహములకు ఆటంకములు పెట్టిరి. వీరు వీధులకెక్కి నిరసన తెలుపగా, 1964 లో వీరు సర్వవిధముల యూదులేయని ప్రభుత్వము ప్రకటించెను. అట్టి కాలమున మలీదా పళ్ళెము కేవలము ఫలాహారమై యుండలేదు. మరాఠీ పలుకు, ఏలీయా స్తోత్రము, అటుకులు, కొబ్బరి ఇవన్నియు తామెవరో చెప్పుకొనుటకు వారికి మిగిలిన గుర్తులు. డిమోనా, అష్డోద్, లోద్ నగరములలోని యిండ్లలో నేటికిని మలీదా జరుగుచున్నది.

శీతకాలమున వచ్చు హనుక్కా నూనె పండుగ. ఒక్కనాటికి సరిపోవు నూనెతో దేవాలయపు దీపము ఎనిమిది దినములు వెలిగెనను అద్భుతమునకు జ్ఞాపకముగా నూనెలో వేచినవి తిందురు. ఇస్రాయేలులో జామ్ కూరిన మైదా బూరెలు, మొరాకో యూదుల యింట గారెవలె చిల్లుగల 'స్ఫెంజ్', ఇరాకు, సిరియా యూదుల యింట పాకమున ముంచిన 'జలాబియా'. ఈ కడపటిది మన జిలేబికి తోబుట్టువు; పేరు కూడ ఒకటే.

ఫిబ్రవరి, మార్చి నెలలలో వచ్చు పూరీము నాడు గసగసాలు బెల్లపుపాకమువలె చిక్కబరచి, మైదా రేకు నడుమ నుంచి, మూడు అంచులు మడచి కాల్చుదురు. పారసీక రాజ్యమున యూదులను తుడిచిపెట్ట జూచిన హామాను మంత్రి పేర దీనిని పిలుచుకొని, కొరికి తినుటలో పిల్లలకు అపారమైన సంతోషము. ఆనాడు ఒక మిత్రునకైనను రెండు రకముల తినుబండారములు పంపవలెననియు, ఇద్దరు పేదలకు దానమీయవలెననియు విధి.

వెన్న, పాలు, మీగడ యథేచ్ఛగా వాడు పండుగ ఒకటి కలదు. అది వారముల పండుగ, 'షావుఓత్'. సీనాయి కొండవద్ద ధర్మశాస్త్రము లభించిన దినమది. శాస్త్రము చేతికి వచ్చిననాడు అంతకుముందటి మాంసము, పాత్రలు కొత్త నియమములకు సరిపడనందున ప్రజలు పాలపదార్థములే తినిరని చెప్పు కథ ప్రసిద్ధము. ఆనాటి చీజ్ కేకు మన జున్నునకు దూరపు చుట్టము. టర్కీ, గ్రీసు దేశముల యూదులు చేయు 'సుట్లాచ్' అచ్చముగా మన పరమాన్నమే. బియ్యపుపిండితో చేసి పైన దాల్చినచెక్క పొడి చల్లుదురు. చీజును పేరబెట్టుటకు దూడ కడుపునుండి తీయు రెన్నెటు వాడుట కలదు కనుక, చీజు విషయమున మాత్రము నిష్ఠాపరులు ముద్ర చూడనిదే కొనరు.

ఇక పస్కా. తీపి వంటకు ఇంతకంటె కఠిన పరీక్ష మరియొక పండుగలో లేదు. ఐగుప్తు దాస్యమునుండి తొందరగా వెడలునప్పుడు పిండి పులియుటకు వ్యవధి లేకపోయెను. దానికి గుర్తుగా ఇస్రాయేలులో 7 దినములు, ఇతర దేశములలో 8 దినములు పులిసినది ఇంటనే ఉండరాదు. గోధుమ, యవలు, రై, ఓట్లు, స్పెల్టు అను ఐదు ధాన్యముల పిండి నీరు తగిలిన 18 నిమిషములలో కాలి రొట్టె కావలెను; ఆలసించినచో పులిసినట్లే లెక్క. అనగా ఆ వారము మైదా లేదు, ఈస్టు లేదు. మాంసపు విందు తరువాత అయినచో పాలును లేవు. తూర్పు యూరపు సంప్రదాయమువారికి బియ్యము, సెనగలు, బఠానీలు, మొక్కజొన్న కూడ నిషిద్ధములు. స్పెయిను, అరబ్బు దేశముల సంప్రదాయమువారిలో అనేకులు బియ్యము తిందురు. అయితే గింజగింజను ముమ్మారు ఏరి చూచిన పిమ్మటనే. ఒకే మతమువారు, ఒకే పండుగ, ఒకరింట వండిన అన్నము ఒకరు తినలేరు. వేర్వేరు దేశములనుండి వచ్చిన వారి పిల్లలు పెండ్లాడినప్పుడు ఈ చిక్కు పెరుగును. పెక్కుచోట్ల భార్య భర్త సంప్రదాయమును అనుసరించుట ఆచారమైనది. అమెరికాలోని యూదులలో మధ్యేమార్గమువారు 2015 లో బియ్యమును, పప్పులను అనుమతించిరి.

ఆ తొలిరాత్రి పళ్ళెమున దాస్యపు చేదునకు చేదుకూర, ఇటుకల అడుసునకు గుర్తుగా పండ్లు, పప్పులు నూరిన తీయని 'హరోసెత్' ఉండును. చేదు, తీపి కలిపి నోట పెట్టుకొను ఆ ఘట్టము చదువుచున్నప్పుడు తెలుగువారికెవరికైనను ఉగాది పచ్చడి తలపునకు రాకమానదు.

పిండి లేక కేకు పొంగుట యెట్లు? ఇచ్చట గ్రుడ్డు తెల్లసొన ఆదుకొనును. తెల్లసొనను బాగుగా గిలకొట్టినచో సన్నని గాలిబుడగలు అందు చిక్కుకొనును. ఓవెను వేడికి ఆ గాలి వ్యాకోచించి కేకును పైకెత్తును. అంతలో సొనలోని మాంసకృత్తులు గట్టిపడి ఎత్తినదానిని ఎత్తినట్లే నిలుపును. ఇది పులియుట కాదు, కనుక దోషము లేదు. మైదాకు బదులు బాదము పొడి గాని, బంగాళాదుంప గంజిపిండి గాని, పులియని రొట్టెను దంచిన పిండి గాని వేయుదురు. తెల్లసొన కొట్టు గిన్నెకు జిడ్డు ఏమాత్రము అంటియుండరాదు. పచ్చసొన చుక్క పడినను నురుగు నిలువదు.

ఈ వర్గమున లోకప్రసిద్ధి కెక్కినది కమలాపండ్ల కేకు. కైరోలో 1936 లో జన్మించిన క్లాడియా రోడెన్ తన మధ్యప్రాచ్య వంటల గ్రంథమున 1968 లో దీనిని ప్రచురించెను. రెండు పెద్ద కమలాపండ్లను తొక్కతోనే రెండు గంటలు నీట ఉడికించి, చల్లార్చి, గింజలు తీసి, తొక్కతో సహా మెత్తగా నూరవలెను. ఆరు గ్రుడ్లు గిలకొట్టి, బాదము పొడి 250 గ్రాములు, పంచదార 250 గ్రాములు, పండుగకు తగిన బేకింగు పౌడరు ఒక చెంచా, ఈ గుజ్జు కలిపి, నూనె రాచిన పాత్రలో పోసి ఓవెనులో సుమారు గంటసేపు కాల్చవలెను. పిండి లేదు, పాలు లేవు, వెన్న లేదు. బాదములోని నూనె మెత్తదనము నిచ్చును. తొక్కలోని చిరుచేదు తీపిని మొగము మొత్తనీయదు. 1492 లో స్పెయిను రాజదంపతులు వెడలగొట్టగా మధ్యధరా తీరమంతట చెదరిన యూదుల వంటలో బాదమునకు, కమలాపండునకు గల స్థానము ఈ కేకులో కనబడును. 1956 నాటి సూయజ్ సంఘర్షణ తరువాత ఐగుప్తు యూదులు మరల చెదరిపోయిరి. లండనులో రోడెన్ ఇంటికి వచ్చిన కాందిశీకులు ఒకరి వంటలు ఒకరికి చెప్పుకొని వ్రాసికొనిరి. మరల కలియుదుమో లేదో యని. ఆమె పుస్తకమునకు మొదలు అది.

వ్రాసికొనుట యనిన మాకు మరియొక పుస్తకము తప్పక చెప్పవలసియున్నది. బొహీమియాలోని టెరెజీన్ పట్టణమున నాజీలు యూదులను నిర్బంధించిరి. అచ్చట ఆకలితో అలమటించు స్త్రీలు రాత్రులయందు తమ వంటలను గూర్చి చెప్పుకొనుచు, కొలతలపై వాదులాడుకొనుచుండిరి. దానిని 'నోటితో వండుట' అని పిలుచుకొనిరి. మీనా పేఖ్టర్ అను వృద్ధురాలు, ఆమెతోడి స్త్రీలు దొరికిన కాగితముపై ఆ వంటలను వ్రాసిరి. సుమారు 80 వంటలలో కేకులు, స్ట్రూడెలులు మున్నగు తీపివస్తువులు అనేకము. కొన్నింట దినుసు తప్పిపోయినది, కొన్నింట క్రమము తారుమారైనది. ఆకలి వ్రాయించిన వ్రాత అది. 1944 లో యూదుల ఉపవాసదినమైన 'యోం కిప్పూర్' నాడు ఆమె ఆ నిర్బంధముననే మరణించెను. చనిపోవుటకు ముందు ఆ ప్రతిని ఒక మిత్రునకిచ్చి తన కుమార్తెకు అందజేయుమని కోరినది. అది చేతులు మారి 25 సంవత్సరములకు న్యూయార్కులోని కుమార్తెకు చేరెను. 1996 లో ఆంగ్లానువాదము పుస్తకరూపమున వెలువడినది. దానిని అనువదించిన స్త్రీ కూడ టెరెజీన్‌నుండి బ్రతికి బయటపడినదే.

ఇరువదవ శతాబ్దమున కర్మాగారములు యూదుల వంటయింట ప్రవేశించి పార్వె తీపిని సులభము చేసినవి. 1911 లో అమెరికాలో 'క్రిస్కో' అను గడ్డకట్టిన ప్రత్తిగింజల నూనె అంగళ్ళకు వచ్చెను. అది మన డాల్డాకు అన్న వంటిది. పందికొవ్వు కాదు, వెన్న కాదు. మాంసముతోను, పాలతోను చెల్లును. యూదు గృహిణుల కొరకే ఆ కంపెనీ 1933 లో యిడ్డిష్, ఆంగ్ల భాషలలో వంటపుస్తకమచ్చువేసినది. 1945 లో రాబర్టు రిచ్ సోయాతో చేసిన, గిలకొట్టిన మీగడను పోలిన వస్తువు వచ్చినది. పాలులేని కేకుపై తెల్లని నురుగు నిలిచినది. సదుపాయమెంత గొప్పదైనను, గడ్డకట్టించిన నూనెలలోని కొవ్వు గుండెకు హానికరమని తరువాత తేలెను. అమెరికా ప్రభుత్వము 2015 లో నిషేధమునకు పూనుకొనినది. మన దేశమున 2022 నుండి అట్టి కొవ్వు నూటికి 2 వంతులు మించరాదను నియమము వచ్చినది. పాత గృహిణి నమ్ముకొనిన బాదము, కొబ్బరి, నువ్వులనూనెలే మేలని మేము నిస్సంకోచముగా చెప్పుదుము. ఇటీవల, 2014, 2015 సంవత్సరములలో, సెనగలు ఉడికించిన నీరు తెల్లసొనవలె నురుగు కట్టునని కనుగొనిరి. ఇది చక్కని ఉపాయము; కాని పస్కా నాడు సెనగలు మానువారికి పనికిరాదు!

కర్మాగారపు తీపిలో ఏమి కలిసినదో కంటికి తెలియదు. జెల్లీలోని జెలటిను జంతువుల ఎముకలు, చర్మములనుండి వచ్చును. అట్లాంటా నగరపు రబ్బీ టోబయస్ గెఫెన్ 1935 లో కోకాకోలాలో అతిస్వల్పముగా గొడ్డుకొవ్వునుండి తీసిన గ్లిజరిను గలదని తెలిసికొని, దానికి బదులు గింజల నూనె గ్లిజరిను వేయించెను. అణుమాత్రమే కదా యని విడువరాదా? పొరపాటున పడినది అణుమాత్రమైనచో లెక్కకు రాదు గాని, కావలెనని కలిపినది లెక్కకు వచ్చునని ఆయన వాదము. ఓరియో బిస్కత్తులలో పందికొవ్వు మాని వేరు నూనె వాడుటచే 1997 లో వానికి కోషెరు ముద్ర లభించినది. ఆంగ్లమున వృత్తములోని 'యు' అక్షరము అట్టి ముద్రలలో ప్రసిద్ధమైనది. దానిప్రక్క 'డి' అక్షరమున్నచో పాలవస్తువని గాని, పాలు తగిలిన యంత్రమున చేసినదని గాని గ్రహించి, మాంసపు భోజనమున పెట్టరు.

ఇదంతయు మనకేల యని కొందరు అడుగవచ్చును. గుంటూరు ప్రాంతమున చేబ్రోలు సమీపమందలి కొత్తరెడ్డిపాలెమున 'బెనె ఎఫ్రాయీము' అను పేర తెలుగు మాటలాడు చిన్న సమాజము కొన్ని దశాబ్దములుగా యూదుల ఆచారములను పాటించుచున్నది. అదియు గాక నేడు అమెరికాలో తెలుగు కుటుంబములు వేలకొలది గలవు. యూదులు వారికి ఇరుగుపొరుగులు, పిల్లలకు సహాధ్యాయులు. పండుగకు పిలిచినప్పుడు ఏమి తీసికొనిపోవలెను? మన మిఠాయిలలో నువ్వుండలు, వేరుసెనగ పాకము, నూనెలో వేచిన అరిసెలు, కొబ్బరి కజ్జికాయలు, పాలు కలుపని కొబ్బరిలౌజు ఇవన్నియు దినుసులనుబట్టి చూచిన పార్వెలే. పూతరేకులు, సున్నుండలు, మైసూరుపాకు నేతివలన పాలవైపు పోవును. కాని దినుసులు సరిపోయినంతమాత్రమున చాలదు. మన మూకుడులో నిన్న ఏమి వేగినదో వారికి తెలియదు కనుక, గట్టి నిష్ఠగలవారు మన యింట వండినది తినరు. దానికి మనసు కష్టపెట్టుకొననక్కరలేదు. ముద్రవేసిన మూతవిప్పని పెట్టె గాని, కోయని పండ్లు గాని తీసికొనిపోవుట మేలు. పస్కా వారమైనచో పెట్టెపై ఆ పండుగకు ప్రత్యేకముగా వేయు ముద్రయు ఉండవలెను. సందేహమున్నచో ముందుగా అడుగవచ్చును; అడిగినందుకు వారు సంతసింతురు గాని తప్పుపట్టరు. వారిని మన యింటికి పిలిచినప్పుడు కాగితపు పళ్ళెములు, గాజుగ్లాసులలో చల్లని నీరు, మన పెరటిలోనివైనను అంగడిలోనివైనను నిండుపండ్లు పెట్టినచో వారికిని మనకును ఇబ్బంది యుండదు. అయితే కత్తి మాత్రము వారినే తెచ్చుకొనుడని చెప్పవలెను.